చీటీ లేని తీగ
(ఇంజనీర్ల దినోత్సవం నాడు ఒక పాలిటెక్నిక్ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను, అధ్యాపకులను పేరుపేరునా తలుచుకుంటూ పోతే నాకిచ్చిన సమయంలో సగం అక్కడే గడిచిపోతుంది. అందరికీ కలిపి చేతులు జోడిస్తున్నాను. సెప్టెంబరు 15న, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన రోజున, ఆఫీసుల్లో కంప్యూటర్ల తీగలు వేసే ఒక కేబుల్ పనివాణ్ణి పిలిచి మైకు ముందు నిలబెట్టారు. ఈ గౌరవం నా ఒక్కడిది కాదు. నిచ్చెనెక్కి ఫాల్స్ సీలింగులో తల దూర్చి పనిచేసే ప్రతి ఒక్కరిదీ.

నాకిచ్చిన అంశం ‘రేపటి నెట్‌వర్కులు’. నాలుగు పేజీలు రాసుకుని తెచ్చాను కూడా. అయితే పొద్దున కాస్త ముందుగా వచ్చాను కదా, పై అంతస్తులో మీ కంప్యూటర్ ల్యాబ్ చూపించారు. మూలనున్న రాక్ తలుపు, అంటే నెట్‌వర్కు సామాను బిగించే ఇనుప బీరువా తలుపు, తెరిచాను. లోపల కుక్కి ఉన్న తీగల ఉండ ఒకటి జారి నా పాదాల మీద పడింది. ఆ నాలుగు పేజీలూ సంచిలోనే ఉంచేశాను. ఈ రోజు ఆ తలుపు వెనక ఉన్నదాని గురించే మాట్లాడతాను, ప్రిన్సిపాల్ గారు మన్నించాలి. ఇది మీ కళాశాల మీద ఫిర్యాదు కాదు. ఇరవై ఏడేళ్లుగా నేను తెరిచిన తలుపుల వెనక సగానికి పైగా ఇదే దృశ్యం.

మా నాన్నగారు టెలిఫోను శాఖలో లైన్‌మన్. గోదావరి జిల్లాలో మా ఊరి ఎక్స్ఛేంజీలో ఎండీఎఫ్ అనే ఇనుప చట్రం ఉండేది. ఊళ్లోని ఇళ్ల నుంచి వచ్చే తీగలు దానికి ఒక వైపు, ఎక్స్ఛేంజీ యంత్రం నుంచి వచ్చేవి మరో వైపు. రెండింటినీ కలిపే సన్న తీగను జంపర్ అనేవారు. సెలవుల్లో నాన్నగారికి అన్నం క్యారేజీ తీసుకెళ్లి ఆ చట్రం పక్కనే కూర్చునేవాణ్ణి. పాత కట్టలన్నీ మైనం పూసిన దారంతో కట్టి ఉండేవి. అంగుళానికో ముడి. ముడులన్నీ ఒకే గీత మీద, గోడ వైపుకు తిరిగి ఉండేవి. ముందు నుంచి చూసేవారికి తీగలు తప్ప ముడి కనిపించదు. ఆ దారం లాగి లాగి నాన్నగారి చూపుడు వేలి మీద గాడి పడింది. అన్నం కలిపేటప్పుడు ఆ గాడిలోకి పులుసు దిగేది. అది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

1996 నవంబరు 6న కోనసీమ మీద పడిన తుపాను మీలో ఎవరికీ తెలియదు. మీ తల్లిదండ్రుల్ని అడగండి. కొబ్బరి చెట్లు తలలు విరిగి పడ్డాయి, స్తంభాలు నేలకొరిగాయి. ఆ వారం నాన్నగారు కాలికి దెబ్బ తగిలి మంచం మీద ఉన్నారు. వేరే జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్లకు మా ఊరు తెలియదు, వీధులు తెలియవు. నాన్నగారు నా చేతికి ఒక రిజిస్టరు ఇచ్చి పంపారు. ఏ పెయిరు, అంటే ఏ తీగల జంట, ఏ ఇంటిది, ఏ పెట్టెలో ఎన్నో నంబరు, ఎప్పుడు మార్చింది, ఎందుకు మార్చింది, అన్నీ అందులో ఉన్నాయి. వాళ్లు ఆ పుస్తకం చూసి ముందు ఆసుపత్రి లైను కలిపారు, ఆ తర్వాత పోలీసు స్టేషను. పని ముగిశాక వాళ్లలో ఒకాయన రిజిస్టరు తిరిగి ఇవ్వడానికి మా ఇంటికి వచ్చారు. “వేరే వాళ్లతో పంపవచ్చు, కానీ ఇది రాసిన మనిషిని చూసి వెళదామని వచ్చాను” అన్నారు. ఐటీఐ చదువుతున్న నేను ఆ మాట గుమ్మంలో నిలబడి విన్నాను.

మీరు రాక్ అంటున్న ఈ పెట్టె ఆ టెలిఫోను ఎక్స్ఛేంజీకి పుట్టిన బిడ్డే. రిలేలనే విద్యుత్ స్విచ్‌లు బిగించే చట్రాల నుంచే 19 అంగుళాల వెడల్పు కొలత వచ్చింది. నిలువు కొలతను ‘యూ’ అంటాం. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, 44.45 మిల్లీమీటర్లు. 42 యూ రాక్‌లో సామాను బిగించే ఎత్తే 1,867 మిల్లీమీటర్లు. అంటే మనిషంత ఎత్తు. మనిషంత వస్తువును ఆఫీసులో నిలబెట్టే ముందు ఎక్కడ నిలబెట్టాలో, లోపల ఏది ఎక్కడ కూర్చోవాలో కాగితం మీద గీయాలి. గళ్ల నోట్‌బుక్కులో 42 గళ్లు చాలు. ఒక్కో గడి ఒక యూ. ఆ ఒక్క కాగితం గీయకుండా తెచ్చి నిలబెట్టిన రాక్‌లు ఎన్ని చూశానో చెప్పలేను.

ఒక లెక్క వేద్దాం, పుస్తకం ఉన్నవారు రాసుకోండి. 90 మంది పనిచేసే ఆఫీసు. మనిషికి రెండు నెట్‌వర్కు పాయింట్లు, 180. కెమెరాలు 16, వైఫై పెట్టెలు 8, ప్రింటర్లకూ హాజరు యంత్రాలకూ కలిపి 6. మొత్తం 210. తీగ కొస దూర్చే గూటిని పోర్టు అంటాం. గదుల నుంచి వచ్చే తీగలు చేరే ఇరవై నాలుగేసి పోర్టుల ప్యాచ్ ప్యానెళ్లు తొమ్మిది కావాలి, డేటాను దారి మళ్లించే 48 పోర్టుల స్విచ్‌లు అయిదు. పైన ప్యానెల్, మధ్యలో స్విచ్, కింద మరో ప్యానెల్ పెడితే పై వరుస పోర్టులకు తీగ పై నుంచి, కింది వరుసకు కింది నుంచి వస్తుంది. ప్యానెల్‌ను స్విచ్‌తో కలిపే పొట్టి తీగ, ప్యాచ్ కార్డు, జానెడు సరిపోతుంది. వీటికి 14 యూ. మధ్య మధ్య తీగలు నడిపించే కేబుల్ మేనేజర్లకు 6. ఫైబర్ ట్రే, రౌటర్, ఫైర్‌వాల్ ఒక్కొక్కటి, కెమెరా రికార్డర్‌కు 2, అడుగున యూపీఎస్, బ్యాటరీలకు 6. మొత్తం 31. మిగిలినవి 11.

ఈ పదకొండు గళ్లు చూడగానే యజమాని, “ఇంతకన్నా చిన్న రాక్ తెస్తే ఖర్చు తగ్గదా? ఖాళీకి డబ్బెందుకు?” అంటారు. అనని యజమాని నాకు ఇంతవరకు తగల్లేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నది ఎగువన జలాశయాలు కట్టి వరద నీటికి నిలిచే చోటు చూపించాలని ఆయన చెప్పారు. 1920లో ఉస్మాన్ సాగర్ పూర్తయింది, ఆ తర్వాత హిమాయత్ సాగర్. ఇంకా రాని నీటి కోసం చోటు వదలడమే ఆయన చేసిన పని. ఆయన పుట్టినరోజు పండుగ చేసుకునే మనం, ఇంకా రాని తీగ కోసం పదకొండు గళ్లు వదలడానికి వెనకాడతామా?

వెడల్పు సంగతి కూడా చూడండి. 600 మిల్లీమీటర్ల రాక్‌లో పక్కన తీగలు దిగడానికి చోటుండదు. 210 కేబుళ్లు దిగాలంటే 800 ఉండాలి. కేటలాగులో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. తేడా డబ్బు చూసి 600 తెస్తారు, ఆ తర్వాత తీగలు స్విచ్ ముఖం మీద నుంచి వేలాడతాయి. క్యాట్ సిక్స్ అనే ఆరు మిల్లీమీటర్ల సన్నని నెట్‌వర్కు తీగను దాని మందానికి నాలుగు రెట్ల కన్నా చిన్న వంపు తిప్పకూడదు. అంటే అంగుళం వ్యాసార్ధం. తలుపు మూయడానికి తీగల్ని మోకాలితో నొక్కే వాళ్లను చూశాను. అక్కడ తీగ లోపల జంటలుగా మెలేసి ఉన్న సన్న తీగల మెలిక చెదిరిపోతుంది. పరీక్ష యంత్రానికి ఆ లోపం వెంటనే తెలుస్తుంది, మనకు మాత్రం ఆరు నెలల తర్వాత ‘నెట్ నెమ్మదిగా ఉంది’ అన్న ఫిర్యాదుగా తెలుస్తుంది.

యూపీఎస్ ఎందుకు అడుగున? బరువు కోసం. స్ప్లిట్ ఏసీ కింద రాక్ ఎందుకు పెట్టకూడదు? కాలువ గొట్టం మూసుకుపోయిన రోజున నీళ్లు సరిగ్గా దాని మీదే పడతాయి కనుక. కరెంటు తీగలు ఒక పక్క, డేటా తీగలు మరో పక్క. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నవే, వాటి మీద ఎక్కువ సేపు ఆగను.

నేను ఆగవలసింది వేరే చోట ఉంది. ఈ మాట చెబుతానని ఇంట్లో కూడా చెప్పి రాలేదు.

హైదరాబాదులో ఒక ఆఫీసు. మూడు అంతస్తులు. అక్కడి రాక్ కట్టింది నేను. అద్దె ఒప్పందం మొదలయ్యే తేదీ దగ్గర పడింది. రంగులు వేసేవాళ్లు, వడ్రంగులు, ఏసీ వాళ్లు వాళ్ల వాళ్ల రోజులు తీసుకున్నాక నాకు రెండు రాత్రులు మిగిలాయి. ఎప్పుడూ ఇంతే. తీగ పని అందరికన్నా చివర. అందరి ఆలస్యమూ మనమే భరించాలి. కొనుగోలు విభాగం వారు ప్యాచ్ కార్డులన్నీ మూడు మీటర్లవే కొన్నారు, అన్నీ బూడిద రంగువే. జానెడు కావలసిన చోట మూడు మీటర్లు. మిగిలిన తీగను చుట్టలు చుట్టి, పక్కకు తోసి, నైలాన్ టైలతో బిగించేశాను. లేబుళ్లు, అంటే ఏ తీగ ఎక్కడిదో చెప్పే చీటీలు, తర్వాత వేద్దామనుకున్నాను. ‘తర్వాత’ అనే రోజు రాలేదు. బిల్లు పాసయింది, తాళం చెవులు ఇచ్చేశాను.

ఆరేళ్ల తర్వాత, మార్చి నెలాఖరు రాత్రి. ఖాతాలు ముగించే రోజులు కావడంతో పై అంతస్తులో మనుషులు పని చేస్తూనే ఉన్నారు. నిర్వహణ చూసే సంస్థలో కొత్తగా చేరిన కుర్రవాడు ఒకడు ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. వాడుకలో లేని ఒక తీగ తీసేయమని అతనికి చెప్పారు. అతను పద్ధతిగానే మొదలుపెట్టాడు. పోర్టు దగ్గర తీగను రెండు వేళ్లతో పట్టుకుని కట్టలోకి వెంబడి వెళ్లాడు. కట్ట మలుపు తిరిగే చోట నైలాన్ టై ఇరవై తీగల్ని కలిపి బిగించి ఉంది. అక్కడ అతని వేళ్లు ఒక బూడిద తీగ మీద నుంచి పక్కనున్న బూడిద తీగ మీదికి మారాయి. అది అతనికి తెలిసే మార్గం లేదు. నాకైనా తెలిసేది కాదు. అవతలి కొసకు చేరి, ఊడదీశాడు.

అది ఆ అంతస్తు స్విచ్‌ను ప్రధాన స్విచ్‌తో కలిపే తీగ. పై అంతస్తు మొత్తం తెగిపోయింది. కేకలు వినిపించాయి. చేతులు వణుకుతుండగా, వేలాడుతున్న కొసల్లో ఒకదాన్ని తీసుకుని ఖాళీగా కనిపించిన పోర్టులో పెట్టాడు. ఆ కొస అతను తీసింది కాదు. దాని రెండో కొస అదే స్విచ్‌లో ఉంది. మీకు పాఠంలో చెప్పి ఉంటారు, ఒకే స్విచ్‌లో తీగ రెండు కొసలూ పెడితే సందేశాలు తిరిగి తిరిగి తుపానవుతాయి. దాన్ని ఆపే స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటును ఆ స్విచ్‌లలో ఆపేసి ఉంది. అతను భయంతో తీసిన తీగను కూడా వెతికి పెట్టేశాడు. అప్పటి వరకు ఒక అంతస్తుది అయిన బాధ భవనమంతా పాకింది. నేను వెళ్లేసరికి రాక్‌లోని దీపాలన్నీ ఒకే లయలో మిణుకుమిణుకుమంటున్నాయి. మామూలుగా ఆ దీపాలు వాన చినుకుల్లా, దేని దారి దానిదిగా మెరుస్తాయి. అన్నీ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతుంటే చూసినవాడు మరచిపోలేడు.

రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉన్న ఆ తీగను వెతకడానికి నాకు నాలుగు గంటలు పట్టింది. రాక్ కట్టినవాడికి నాలుగు గంటలు! టైలు కత్తిరించేటప్పుడు కట్టర్ మొన తగిలి మరో రెండు తీగలు గాయపడ్డాయి.

మరుసటి రోజు సమావేశం పెట్టారు. రాక్ కట్టిన సంస్థ తరఫున నేనూ ఉన్నాను. ఎవరి తప్పు అని అడిగారు. చివరగా ముట్టుకున్నది ఆ కుర్రవాడు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. “అయ్యా, ఆ తీగకు చీటీ లేదు, చీటీ వేయనివాణ్ణి నేను” అనడానికి నాకు ఒక్క నిమిషం చాలు. నేను అనలేదు. నా సంస్థకు వచ్చే ఏడాది పని పోతుందన్న భయంతో అనలేదు. తర్వాత అతనికి ఫోను చేశాను, ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు. జరిగిందంతా చెప్పాను. “పర్వాలేదండీ” అన్నాడు. ఆ ఒక్క మాట అని పెట్టేశాడు. తర్వాత ఈ పని మానేశాడని విన్నాను.

క్షమించండి, కొంచెం నీళ్లు ఇవ్వండి.

మీలో ఎంతమంది ఇలాంటి పనుల్లోకి వెళతారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీ మొదటి ఏడాదిలో మీరు ఆ కుర్రవాడి స్థానంలో ఉంటారు. ఇతరులు కట్టిన రాక్ ముందు, రాత్రి పూట, ఒంటరిగా. అయిదారేళ్లకు మీరే కడతారు. అప్పుడు నా స్థానంలో ఉంటారు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

చీటీ తీగకు రెండు కొసల్లోనూ ఉండాలి. ఒక కొసకు వేస్తే వేయనట్టే. రాక్ నంబరు, ప్యానెల్, పోర్టు, అవతలి గది, గోడ మీద తీగ చేరే సాకెట్ అయిన ఐఓ నంబరు చీటీలోనూ గోడ మీది ఐఓ పెట్టె మీదా రిజిస్టరులోనూ ఒకే మాటగా ఉండాలి. లేబుళ్లకు అమెరికా వాళ్లు టీఐఏ-606 అనే ప్రమాణమే రాసుకున్నారు. మా నాన్నగారు అది చదవలేదు, కానీ అందులో ఉన్నది ఆయన చేసేవారు. పెన్నుతో రాసిన కాగితం ముక్కకు సెల్లోటేపు చుట్టకండి. మన ఎండలకు రెండు వేసవులు గడిచేసరికి టేపు పచ్చబడి, జిగురు కారి, అక్షరం మాయమవుతుంది. అచ్చు చీటీ వేయండి, పైన పారదర్శకపు పొర చుట్టుకునేది.

నైలాన్ టై కథ కూడా వినండి. విమానాల తీగల కట్టలను దారంతో ముడివేసే కార్మికుల వేళ్లు కోసుకుపోవడం చూసి, అమెరికాలో 1958లో దాన్ని తెచ్చారు. వేళ్ల కోసం పుట్టిన మంచి వస్తువే. విమానంలో తీగలు రోజూ మారవు, అక్కడ అది సరైనదే. ఆఫీసు రాక్‌లో వారానికో తీగ మారుతుంది. ఇక్కడ వెల్క్రో పట్టీ వాడండి. ఊడదీసి మళ్లీ చుట్టవచ్చు, కత్తి అక్కర్లేదు. చుట్టాక కట్టలోని తీగ ఒకటి వేలితో అటూ ఇటూ జరగాలి. జరగకపోతే బిగువు ఎక్కువైనట్టే. ఇప్పుడు అదే తీగలో కరెంటు కూడా పోతోంది, దాన్ని పీఓఈ అంటాం. 2003లో వచ్చిన పీఓఈ ప్రమాణంలో స్విచ్ పోర్టుకు 15.4 వాట్లు ఇస్తే, 2018 నాటి ప్రమాణంలో 90 వాట్ల దాకా ఇస్తుంది. వంద తీగల్ని ఒకే లావు కట్టగా బిగిస్తే మధ్యలోవి వేడెక్కుతాయి. ఇరవై నాలుగేసి కట్టలుగా విడదీయండి. ప్యానెల్‌కు 24 పోర్టులే కదా, లెక్క కూడా కుదురుతుంది.

ఇంకొక మాట దుకాణం గురించి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసి క్యాట్ సిక్స్ అని అమ్ముతున్నారు. ఏ ప్రమాణమూ దాన్ని ఒప్పుకోదు. పెట్టె ఎత్తితేనే తేలికగా ఉంటుంది. కొస గోకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. చవక అని తెచ్చిన ఆ తీగ పీఓఈ కెమెరా దగ్గర ముందు మొరాయిస్తుంది. గీకి చూసిన తర్వాతే డబ్బు చెల్లించమని మీ యజమానులకు చెప్పండి. చిన్న దీపాల టెస్టరు ఎనిమిది తీగలూ వరుసగా ఉన్నాయా లేదా అంతే చెబుతుంది. 90 మీటర్ల లోపు ఉందా, జంటల మధ్య రొద ఎంత అనేది అసలు పరీక్ష యంత్రమే చెప్పాలి. ఆ యంత్రం అద్దెకు దొరుకుతుంది. ఆ నివేదిక కాపీ ఒకటి రాక్ తలుపు లోపల సంచిలో పెట్టండి, గళ్ల కాగితం పక్కన.

దూరం గురించి చెప్పడం మరిచాను. ఆ 90 మీటర్లు నక్షాలో గీత కొలిచి చెప్పేవి కావు. తీగ రాక్ నుంచి పైకి ఎక్కాలి, ట్రేలో మలుపులు తిరగాలి, మళ్లీ గోడలో దిగాలి. నక్షాలో 70 అన్నది అక్కడికి వెళ్లేసరికి 90 దాటిన రోజు నాకు గుర్తుంది. అందుకే రాక్ గది చోటు నిర్ణయించే సమావేశంలో మీరు ఉండాలి. మెట్ల కింద మిగిలిన మూల చూపించి ‘ఇక్కడ పెట్టు’ అనే రోజులు పోవాలి. గదుల పటం గీస్తున్నప్పుడే అడగండి. సిగ్గుపడకండి, గట్టిగా అడగండి.

ఆ కుర్రవాడి పేరు నేను ఇక్కడ చెప్పను. అతను ఎక్కడున్నా అతనికి ఈ సభ ముఖంగా చెబుతున్నాను: తప్పు నీది కాదు, నాది. ఆ సమావేశంలో అనవలసిన మాట ఇన్నాళ్లకు అంటున్నాను.

ప్రిన్సిపాల్ గారూ, ఒక మనవి. మీ ల్యాబ్‌లో పోర్టులు 48. నా సంచిలో అచ్చు చీటీల యంత్రం ఉంది, టేపు చుట్టలు రెండు, వెల్క్రో చుట్ట ఒకటి, తీగలోకి శబ్దం పంపి దాని రెండో కొసను పట్టిచ్చే టోనర్ కూడా ఉన్నాయి. భోజనాల తర్వాత రెండు గంటలు ల్యాబ్‌లో ఇంటర్నెట్ ఆపడానికి అనుమతి ఇవ్వండి. చేతులెత్తినవాళ్లు ఇద్దరిద్దరు జట్లుగా రండి. ఒకరు ఐఓ దగ్గర టోనర్ పెడితే ఇంకొకరు రాక్ దగ్గర తీగను పట్టుకోవాలి. అక్షరాలు కుదురుగా రాసేవారు ఒకరు రిజిస్టరు పట్టండి. కొత్త నోట్‌బుక్ తెచ్చాను, మొదటి పేజీలో తేదీ, మీ అందరి పేర్లు రాయాలి. ఫాల్స్ సీలింగు తీసి చూడాలి, ఆరడుగుల నిచ్చెన ఒకటి కావాలి. అటెండరు గారూ, అది ఎక్కడ ఉంటుంది?